టోఫు: తిరుపతి, చిత్తూరు వంటిళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

టోఫు కొన్నవాళ్లలో చాలామంది దాన్ని పాలకూర గ్రేవీలోనో, వెన్న మసాలాలోనో వేసి, "చప్పగా ఉంది" అని రెండోసారి కొనడం మానేస్తారు. ఆ చప్పదనం టోఫు తప్పు కాదు. అది పాల పదార్థం కాదు, పప్పుగింజ నుంచి వచ్చింది. పప్పుకి, చేపకి, కోడిగుడ్డుకి మనం ఇచ్చే పులుపు, కారం, తాలింపు దానికీ ఇవ్వాలి. చింతపండు, ఎండుమిరపకాయ, చెనగ్గింజలు రోజూ వాడే మన ప్రాంతంలో అది బాగా కుదురుతుంది. కింది జవాబులన్నీ ఆ నమ్మకంతో రాసినవే.

టోఫు దేనితో చేస్తారు?

సోయా చిక్కుడు గింజలతో. గింజలు నానబెట్టి, రుబ్బి, నీళ్లు కలిపి వడకడితే సోయా పాలు వస్తాయి. వాటిని బాగా మరిగించి, కాల్షియం సల్ఫేట్, మెగ్నీషియం క్లోరైడ్ లాంటి లవణాలతో గానీ నిమ్మరసం లాంటి పులుపుతో గానీ విరగ్గొడతారు. ఆ విరుగును గుడ్డలో కట్టి బరువు పెడితే గడ్డ కడుతుంది, అదే టోఫు. ఇది చైనాలో పుట్టిన వంట. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దానికి చెందిన లియు ఆన్ అనే రాజకుమారుడు దీన్ని కనిపెట్టాడని అక్కడ ఒక కథ చెప్పుకుంటారు. జపాన్‌లో మాంసం ముట్టని బౌద్ధ ఆలయాల వంటల్లో దీనికి పెద్ద స్థానం ఉంది.

మనదగ్గర సోయా పంట దాదాపు లేదు. మధ్యప్రదేశ్, మహారాష్ట్రలు ఎక్కువగా పండిస్తాయి, తెలుగు నేలలో అయితే ఆదిలాబాద్ వైపు వేస్తారు. అక్కడి గింజలే మన కిరాణా కొట్లకు వస్తాయి.

పనీర్‌కీ దీనికీ ఏం తేడా? కొన్ని షాపుల్లో "సోయా పనీర్" అని అమ్ముతున్నారు.

చూడ్డానికే పోలిక. పనీర్ పాల కొవ్వుతో కూడినది. 100 గ్రాముల పనీర్‌లో 18 గ్రాముల వరకు ప్రోటీన్, 20 గ్రాములకు పైగా కొవ్వు ఉంటాయి, ఆ కొవ్వులో ఎక్కువ భాగం సంతృప్త కొవ్వు. గట్టి టోఫులో నీటి శాతాన్ని బట్టి 12 నుంచి 17 గ్రాముల ప్రోటీన్, 6 నుంచి 9 గ్రాముల కొవ్వు ఉంటాయి. ఆ కొవ్వు ఎక్కువగా అసంతృప్త రకం. కొలెస్ట్రాల్ అసలు ఉండదు, లాక్టోజ్ ఉండదు కాబట్టి పాలు పడనివాళ్లూ తినొచ్చు.

రుచిలో మాత్రం పనీర్‌కు ఉన్న పాల కమ్మదనం దీనికి రాదు, రావాలని ఆశించకూడదు కూడా.

మీల్‌మేకర్ కూడా సోయానే కదా, రెండూ ఒకటేనా?

కాదు. నూనె తీసేశాక మిగిలిన సోయా పిండిని యంత్రంలో ఒత్తి ఉబ్బించి ఎండబెడితే మీల్‌మేకర్ అవుతుంది. పొడిగా ఉన్నప్పుడు అందులో సగం బరువు ప్రోటీనే. టోఫులో గింజ నూనె కూడా ఉంటుంది, మెత్తగా ఉంటుంది, నమలలేని పెద్దవాళ్లకు సుఖం. నెలల తరబడి నిల్వ, తక్కువ ఖర్చు కావాలంటే మీల్‌మేకరే మేలు. మెత్తదనం కావాలంటే టోఫు.

మనకు రోజుకు ఎంత ప్రోటీన్ కావాలి? టోఫు అందులో ఎంత ఇస్తుంది?

భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాములు. 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు.

ఇప్పుడు మన శాకాహారపు ఇంటి కంచం చూడండి. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, పలుచటి పప్పు, చారు, రాత్రి మళ్లీ అన్నమో ఉప్మానో. ఇందులో కడుపు నిండుతుంది, ప్రోటీన్ మాత్రం చాలదు. పళ్లు ఊడిన పెద్దవాళ్లు పెరుగన్నంతో సరిపెట్టుకునే ఇళ్లలో ఈ లోటు ఇంకా ఎక్కువ. కండ తగ్గి, మెట్లెక్కలేక, కిందపడితే లేవలేక ఇబ్బంది పడటానికి ఇదీ ఒక కారణం. వాళ్లకు ఒక పూట 100 గ్రాముల టోఫు పెడితే 12 గ్రాములైనా అదనంగా అందుతుంది, అంటే రెండు గుడ్లంత.

ఇంకో సంగతి. బియ్యం ప్రోటీన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. సోయాలో అది బాగా ఉంటుంది. సోయాలో తక్కువగా ఉండే మిథియోనైన్‌ను ధాన్యం పూరిస్తుంది. అందుకే టోఫును అన్నంతోనో సంగటితోనో తినడం మంచి పద్ధతి.

టోఫులో బి12 విటమిన్ లేదు. పాలు, పెరుగు కూడా మానేసి టోఫు మీదే ఆధారపడేవాళ్లు బి12 గురించి డాక్టరుతో తప్పక మాట్లాడాలి.

ఇంట్లో ఆవు ఉంది, పాలూ పెరుగూ పుష్కలం. మాకు టోఫు అవసరమా?

అవసరం లేదు. ఇంటి పెరుగు, పప్పులు, ఉలవలు, అనపగింజలు బాగా తినే ఇంటికి టోఫు కొత్త రుచి మాత్రమే. పితికపప్పు కూర వండుకునే రోజుల్లో ఆ అనపగింజలను పక్కనబెట్టి టోఫు కొనమని ఎవరికీ చెప్పను. పాలు పడనివాళ్లు, కొలెస్ట్రాల్ వల్ల వెన్న, పనీర్ తగ్గించుకోమన్నవాళ్లు, మాంసం మానేసినవాళ్లు, ఒంటరిగా గదుల్లో ఉండి చదువుకుంటూ త్వరగా ఏదో ఒకటి వండుకునే పిల్లలు, వీళ్లకు అది నిజంగా పనికొస్తుంది.

గుండెకు మంచిదంటారు. ఎంతవరకు నిజం?

కొంతవరకు. 1999లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ, సంతృప్త కొవ్వు తక్కువున్న భోజనంలో రోజుకు 25 గ్రాముల సోయా ప్రోటీన్ గుండెజబ్బు ముప్పు తగ్గించవచ్చని ప్యాకెట్ల మీద రాసుకోనిచ్చింది. తర్వాతి అధ్యయనాల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదని, 2017లో అదే సంస్థ ఆ అనుమతిని వెనక్కి తీసుకోవాలని ప్రతిపాదించింది. అధ్యయనాలన్నీ కలిపి చూస్తే చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, మూడు నాలుగు శాతం తగ్గుతున్నట్టు కనిపిస్తుంది. చిన్న తగ్గుదలే.

నా దృష్టిలో అసలు లాభం వేరే చోట ఉంది. వేటమాంసం కూరో, వెన్న మసాలా పనీరో తినే రోజు దాని బదులు టోఫు తింటే ఆ పూట సంతృప్త కొవ్వు బాగా తగ్గుతుంది. ఆ టోఫునే నూనెలో ముంచి వేయిస్తే ఆ లాభం కొంత తగ్గుతుంది. కొలెస్ట్రాల్ మాత్రలు వేసుకుంటున్నవాళ్లు టోఫు తింటున్నామని వాటిని ఆపకూడదు.

షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చా?

నిశ్చింతగా. 100 గ్రాములకు పిండిపదార్థం రెండు మూడు గ్రాములే. అయితే అన్నం ఎప్పటంత పెట్టుకుని పక్కన టోఫు కలిపితే షుగర్ తగ్గదు. కంచంలో అన్నం తగ్గించి ఆ చోట్లో టోఫు, కూరగాయలు రావాలి.

సోయా తింటే మగవాళ్లకు హార్మోన్లు తేడా వస్తాయని విన్నాం.

ఇది చాలామందిని భయపెడుతున్న మాట. సోయాలో ఐసోఫ్లేవోన్లు అనే పదార్థాలు ఉంటాయి, వాటి నిర్మాణం ఈస్ట్రోజెన్‌ను కొంత పోలి ఉంటుంది. అక్కడి నుంచి పుట్టిన భయం ఇది. మగవాళ్ల మీద జరిగిన ప్రయోగాలను కలిపి పరిశీలించినప్పుడు సోయా వల్ల టెస్టోస్టిరాన్ తగ్గినట్టు తేలలేదు. ఆడవాళ్లలోనూ, ఆహారంగా తినే సోయా రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచుతుందని ఆధారాలు లేవు. ఐసోఫ్లేవోన్లను సోయా నుంచి విడదీసి అమ్మే మాత్రల సంగతి వేరు, డాక్టరు చెప్పకుండా అవి వద్దు. నెలసరి ఆగిపోయే వయసులో ఒంట్లో వేడి ఆవిర్లు సోయా వల్ల కొందరికి కొద్దిగా తగ్గుతాయి, అందరికీ కాదు.

థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను. మానేయాలా?

మానక్కర్లేదు, సమయం పాటించాలి. సోయా ఆ మాత్ర పేగుల్లో పూర్తిగా ఇంకకుండా అడ్డుపడగలదు. పరగడుపున మాత్ర వేసుకుని టోఫును మధ్యాహ్నానికి, లేదా రాత్రికి పెట్టుకోండి. కనీసం నాలుగు గంటల ఎడం ఉంటే మంచిది. ఒక వారం రోజూ తిని, తర్వాత నెల రోజులు మానేసి, ఇలా మార్చకండి. తినే మోతాదు నిలకడగా ఉంటే డాక్టరు మాత్ర మోతాదు సరిచూడటం సులువు. వాడే ఉప్పు అయోడిన్ ఉప్పే అయ్యుండాలి.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

సోయా పడనివాళ్లు అసలు తినకూడదు. తిన్నాక దద్దుర్లు, పెదాల వాపు, ఊపిరాడకపోవడం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పసిపిల్లలకు మొదటిసారి పెట్టేటప్పుడు చాలా కొద్దిగా పెట్టి చూడాలి. ఏడాదిలోపు బిడ్డకు తల్లిపాల బదులు మామూలు సోయా పాలు పట్టకూడదు.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లది ఇంకా సున్నితమైన విషయం. ప్రోటీన్, పొటాషియం, ఫాస్ఫరస్ ఎంత తినాలో జబ్బు దశను బట్టి, డయాలసిస్‌లో ఉన్నారా లేదా అన్నదాన్ని బట్టి మారుతుంది. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలోనో, వేలూరు సీఎంసీ ఆసుపత్రిలోనో చూపించుకుంటున్నవాళ్లు తర్వాతి సారి వెళ్లినప్పుడు అక్కడి ఆహార నిపుణులను "టోఫు వారానికి ఎంత తినొచ్చు" అని నేరుగా అడగండి. పక్కింటివాళ్ల మోతాదు మీకు వర్తించదు.

గ్యాస్ పడుతుందా?

సోయా గింజల కంటే చాలా తక్కువ. గ్యాస్ తెచ్చే చక్కెరలు చాలావరకు విరిగిన నీళ్లతో పోతాయి. గట్టి టోఫు చాలామందికి బాగానే అరుగుతుంది, మరీ మెత్తటి రకం కొందరికి పడదు.

శనివారాల్లో, తమిళుల పెరటాసి నెలలో మా ఇంట్లో నీచు ముట్టరు. టోఫు వండొచ్చా? ఉల్లి, వెల్లుల్లి కూడా వాడం.

వండొచ్చు. అందులో జంతు సంబంధమైనదేదీ లేదు, పప్పుగింజే. ఉపవాసంలో పప్పుదినుసులు కూడా మానే ఆచారం ఉన్న ఇళ్లలో మాత్రం ఇదీ మానాల్సిందే. ఇంటి పెద్దవాళ్ల మాట వినండి.

ఉల్లి, వెల్లుల్లి లేకపోతే ఇంగువ, అల్లం, మిరియాలు, జీలకర్ర ఆధారం చేసుకోండి. నూనెలో ఇంగువ వేసి, దంచిన మిరియాలు, జీలకర్ర, కరివేపాకు చిటపటలాడాక టోఫు ముక్కలు వేసి ఎర్రగా వేయించి, దించే ముందు పచ్చికొబ్బరి చల్లితే పెరుగన్నంలోకి బాగుంటుంది. నెలంతా మాంసం మానేసే ఇళ్లలో, ముఖ్యంగా ఎదిగే పిల్లలకు, ఈ కూర వారానికి రెండు సార్లైనా చేసి పెట్టండి.

కొనేటప్పుడు ఏం చూడాలి?

తిరుపతిలో, చిత్తూరులో పెద్ద సూపర్ మార్కెట్ల చల్లటి అరల్లో దొరుకుతుంది. చిన్న ఊళ్లలో దొరక్కపోతే ఇంట్లో చేసుకోవడమే. కూరకు, వేపుడుకు గట్టి రకం. పాయసాలకు, పులుసు చిక్కబడటానికి మెత్తటి రకం.

ప్యాకెట్ మీద పదార్థాల జాబితా చదవండి. ఇది ముఖ్యం. కాల్షియం సల్ఫేట్, లేదా ఐఎన్ఎస్ 516 అని ఉంటే అందులో కాల్షియం బాగా ఉంటుంది, 100 గ్రాములకు 350 మిల్లీగ్రాముల వరకు, గట్టిదైతే ఇంకా పైన కూడా. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 1000 మిల్లీగ్రాములు. నిమ్మరసంతోనో మెగ్నీషియం క్లోరైడ్‌తోనో విరగ్గొట్టినదాంట్లో ప్రోటీన్ అంతే ఉంటుంది గానీ కాల్షియం తక్కువ. "ఎముకలకు మంచిది" అని ఎవరైనా అంటే, ఏ టోఫు గురించి అంటున్నారో అడగాలి.

ప్యాకెట్ ఉబ్బి ఉంటే వద్దు. ఫ్రిజ్ బయట పెట్టి విడిగా అమ్మేది మన ఎండల్లో అసలు వద్దు.

చప్పగా, నీళ్లోడుతూ ఉంటుంది. ఏం చేయాలి?

ఇక్కడే వంట సగం గెలుస్తుంది. టోఫులో నీళ్లు నిండి ఉన్నంతసేపు ఉప్పూ పులుపూ లోపలికి వెళ్లవు. గుడ్డలో చుట్టి, పైన పళ్లెం పెట్టి, దానిమీద చిన్న రుబ్బురాయి పొత్రం గానీ నీళ్ల చెంబు గానీ అరగంట ఉంచండి. అంత ఓపిక లేకపోతే ముక్కలు కోసి, బాగా ఉప్పేసిన మరిగే నీళ్లలో పది నిమిషాలు వదిలి తీసి ఆరబెట్టండి. ఉప్పు కాస్త పడుతుంది, ముక్క గట్టిపడుతుంది.

మూడో పద్ధతి మాంసం రుచికి అలవాటుపడ్డవాళ్లకు బాగా నచ్చుతుంది. ముందురోజు టోఫును గడ్డకట్టే అరలో పెట్టి, మర్నాడు బయటపెట్టి కరగనిచ్చి, అరచేతుల మధ్య నీళ్లు పిండేయండి. లోపల మంచు చేసిన రంధ్రాలు మిగిలి స్పాంజిలా అవుతుంది, పులుసంతా పీల్చుకుంటుంది. రంగు కొద్దిగా పసుపుకు తిరుగుతుంది, కంగారు పడొద్దు.

ఆ తర్వాత ఇనుప పెనం మీద, కొద్ది నూనెతో, కదపకుండా ఒక్కో వైపు ఎర్రబడనివ్వండి. పైన కాస్త బియ్యప్పిండి చల్లితే కరకరలాడుతుంది.

రాగి సంగటిలోకి ఏది కుదురుతుంది?

పులుసు. చేపల పులుసు పెట్టే పద్ధతే. 200 గ్రాముల గట్టి టోఫుకు నిమ్మకాయంత చింతపండు నానబెట్టండి. ఒక చెంచా ధనియాలు, నాలుగైదు ఎండుమిరపకాయలు, పావు చెంచా మెంతులు, గుప్పెడు చెనగ్గింజలు విడివిడిగా వేయించి, నాలుగు వెల్లుల్లి రెబ్బలతో మెత్తగా నూరుకోండి. గానుగ చెనగనూనెలో ఆవాలు, కరివేపాకు, ఉల్లిపాయలు వేగాక రెండు టమాటాలు మగ్గించి, పసుపు, నూరిన ముద్ద వేసి నూనె తేలేదాకా వేయించండి. చింతపండు పులుసు, ఉప్పు వేసి బాగా మరగనివ్వండి. ఎర్రబరిచిన టోఫు ముక్కలను చివరి పది నిమిషాల్లోనే వేసి, సన్న సెగ మీద ఉంచండి. మామిడికాయల కాలంలో చింతపండు తగ్గించి రెండు పుల్లటి ముక్కలు వేయండి.

వెంటనే తినకండి. రెండు గంటలు ఆగితే ముక్కకు పులుపు పడుతుంది, పొద్దున చేసి రాత్రికి తింటే ఇంకా బాగుంటుంది. రాగిలో, సోయాలో ఉన్న ఇనుము ఒంటికి పట్టడానికి టమాటా, మామిడికాయల్లోని పులుపు, సి విటమిన్ కొంత సాయపడతాయి. గోంగూరలోనూ ఇలాగే వండొచ్చు, మసాలా తగ్గించాలి.

పిల్లల బడి డబ్బాలోకి?

చేత్తో చిదిపి, కోడిగుడ్డు పొరటులా చేయండి. ఉల్లి, పచ్చిమిర్చి, పసుపు, మిరియాల పొడి, కొత్తిమీర చాలు. చపాతీలో చుట్టొచ్చు, రాగి దోశలో పెట్టొచ్చు. లేదంటే ముక్కలు వేయించి చెనగ్గింజల కారప్పొడి చల్లి ఇవ్వండి. వేసవిలో నీరున్న కూర మధ్యాహ్నానికి పాడవుతుంది, పొడిగా వేగినదే పంపండి.

తీపి చేయొచ్చా?

మెత్తటి టోఫు, పండిన తోతాపురి మామిడి గుజ్జు, కాస్త బెల్లం, ఏలకుల పొడి మిక్సీలో నున్నగా తిప్పి రెండు గంటలు చల్లబరచండి. పాలు పడనివాళ్లకు చిత్తూరు మామిడికాలంలో ఇంతకంటే సులువైన తీపి లేదు.

ఇంట్లో ఎలా చేసుకోవాలి?

250 గ్రాముల సోయా గింజలు కడిగి ఎనిమిది గంటలు నానబెట్టండి. ఎండాకాలంలో ఫ్రిజ్‌లో నానబెట్టాలి, బయట ఉంచితే పులుస్తాయి. మెత్తగా రుబ్బి, మొత్తం లీటరున్నర నీళ్లు కలిపి, పలుచటి గుడ్డలో గట్టిగా పిండండి. ఆ పాలను అడుగు మందమున్న పెద్ద గిన్నెలో, కలుపుతూ కాచాలి.

పాలు ఇంకా మరగకముందే నురగ పొంగి మోసం చేస్తుంది. అది చూసి దించేయకండి. మంట తగ్గించి, నిజంగా మరిగాక మరో పది నిమిషాలు ఉంచండి. పచ్చి సోయాలో ప్రోటీన్ అరుగుదలను అడ్డుకునే పదార్థాలు ఉంటాయి, బాగా మరిగితేనే అవి పనిచేయకుండా పోతాయి. పచ్చివాసన కూడా అప్పుడే పోతుంది.

దించి నాలుగైదు నిమిషాలు ఆగి, రెండు నిమ్మకాయల రసాన్ని అరగ్లాసు నీళ్లలో కలిపి మూడు విడతలుగా పోస్తూ నెమ్మదిగా ఒకసారి తిప్పండి. గబగబా కలిపితే విరుగు పొడిపొడి అవుతుంది. మూతపెట్టి పావుగంట వదిలితే నీళ్లు తేటపడతాయి. తేటపడకపోతే ఇంకొంచెం రసం పోయండి. గుడ్డ పరిచిన చిల్లుల గిన్నెలోకి తీసి, అరగంట బరువు పెట్టండి. సుమారు 350 గ్రాములు వస్తుంది. లవణం వాడాలంటే తినడానికి పనికొచ్చేదని రాసి ఉన్నదే కొనండి, బొమ్మలు పోసే ప్లాస్టర్ పొడి ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది?

ప్యాకెట్ విప్పాక మంచినీళ్లలో ముంచి, మూతపెట్టి, ఫ్రిజ్‌లో. రోజూ నీళ్లు మార్చితే మూడు నాలుగు రోజులు. ఇంట్లో చేసినది రెండు రోజుల్లో తినేయండి. జిగట పట్టినా, పుల్లటి వాసన వచ్చినా పారేయాలి, వేయించి కప్పిపుచ్చకూడదు.

గింజలు పిండగా మిగిలిన పిప్పి ఏం చేయాలి?

పారేయకండి, అందులో పీచు, కొంత ప్రోటీన్ మిగిలే ఉంటాయి. అది పచ్చిది కాబట్టి బాగా ఉడకాలి. శనగపిండి, ఉల్లి, పచ్చిమిర్చి, కరివేపాకు కలిపి వడల్లా తట్టొచ్చు, సన్న సెగ మీద లోపలిదాకా కాల్చితే దోశ పిండిలోనూ కలపొచ్చు. ఒక్కరోజులోనే పులుస్తుంది, అదే పూట వాడేయండి.